నాలుగో పేరు

ఆమదాలవలస బజారులో ధాన్యం వర్తకుడు కిరీటిరావు గారి భార్య మహాలక్ష్మమ్మకి ఉరుములంటే చచ్చేంత భయమని ఊరందరికీ తెలుసు. ఆకాశం నల్లబడిందంటే ఆవిడ చేతిలో పని చేతిలోనే వదిలేసి పెరటి వసారాలోకి వెళ్ళిపోతుందనీ, వాన వెలిసేదాకా ఉలకదు పలకదనీ, ఆ మనిషికి నోరు కూడా పెగలదనీ చుట్టుపక్కల అమ్మలక్కలు జాలిగా చెప్పుకునేవారు. ఊరందరికీ తెలిసిన సంగతుల్లో మామూలుగా ఎంత నిజం ఉంటుందో ఇందులోనూ అంతే ఉంది. వసారాలోకి వెళ్ళడం నిజం. పలక్కపోవడం నిజం. మిగిలింది ఊరు కలుపుకున్నది.

ఆవిడ పలక్కపోవడానికి కారణం భయం కాదు, మావగారు.

మావగారు జోగయ్య గారు పడుచుతనంలో ఒకసారి కోటబొమ్మాళి నుంచి ధాన్యం బండి తోలుకొస్తుంటే దారిలో గాలివాన పట్టుకుంది. ఉరిమినప్పుడు అందరూ తలచుకున్నట్టే ఆయనా అర్జునుడి పేర్లు తలచుకున్నాడు. "అర్జున, ఫల్గుణ, పార్థ, కిరీటి" అని నాలుగో పేరు పూర్తి చేశాడో లేదో, పక్కనున్న తాటిచెట్టు మీద పిడుగు పడింది. చెట్టు మొవ్వుతో సహా కాలిపోయింది గానీ బండికీ, బస్తాలకీ, ఎడ్లకీ, వాటి తరవాత జోగయ్య గారికీ ఏమీ కాలేదు. ఇంకొకరైతే ఇంటికొచ్చి ఒక కొబ్బరికాయ కొట్టి ఊరుకునేవారు. జోగయ్య గారు వర్తకుడు. ఒకసారి అచ్చొచ్చిన సరుకుని వదిలిపెట్టే మనిషి కాదు. తరవాత పుట్టిన నలుగురు కొడుకులకీ ఆ నాలుగు పేర్లూ అదే వరసలో పెట్టేశాడు. అర్జునరావు, ఫల్గుణరావు, పార్థసారథి, కిరీటిరావు. పార్థసారథి అంటే అర్జునుడు కాదయ్యా, ఆయన బండి తోలిన కృష్ణుడయ్యా అని పురోహితుడు మొత్తుకుంటే, "ముందు సగం ఆయనదే కదండీ, సాల్లెండి" అన్నాడు. దాంతో ఆ ఇంట్లో పిల్లల్ని అన్నానికి కేకేసినా పిడుగుకి మంత్రం చదివినట్టే అయింది.

ఇంత గట్టిగా కట్టుకున్న కోటకి ఒక్క కన్నం మిగిలిపోయింది. ఆ కన్నం మహాలక్ష్మమ్మ.

మొగుడి పేరు ఆడది నోటితో అనకూడదు. మావగారి పేరు అనకూడదు. మొగుడి అన్నల పేర్లూ అనకూడదు. పెద్ద కోడళ్ళకి ఎంతో కొంత వెసులుబాటు ఉంది, మరుదుల పేర్లు అనుకోవచ్చు. ఆఖరివాడికి పెళ్ళామై వచ్చిన మహాలక్ష్మమ్మకి మాత్రం నాలుగుకి నాలుగూ కూడనివే. అర్జునుడికి ఇంకా పేర్లున్నాయి కదా అంటారేమో. శాస్త్రం తెలిసినవాళ్ళకి ఉన్నాయి. ధాన్యం కొట్టు ఇంట్లో నాలుగే చెల్లుబాటు.

కాపురానికి వచ్చిన ఏడు మొదటిసారి ఉరిమినప్పుడు ఇంటిల్లిపాదీ తలుపులు వేసుకుని నట్టింట్లో చేరి పేర్లు జపిస్తుంటే, కొత్త కోడలు నోరు మూసుకుని కూర్చుంది. ఆవిడ అత్తగారు లక్ష్మణమ్మ గారు దీపం వెలుగులో ఒకసారి ఆ పిల్ల వైపు చూసి తీర్పు చెప్పేసింది.

"అందరం పేర్లు సెప్తుంటే ఇదొక్కత్తీ మూగిదానిలాగ కూకుంటే పిడుగు దీన్నే ఎతుక్కుంటూ వస్తాది. దీంతోపాటు మనమూ పోతాం. దీన్ని పెరటి వసారాలో కూకోమనండి."

అలా పద్నాలుగేళ్ళ పిల్లని గాలివానలో వసారాకి పంపేశారు. పిల్ల భయంతో వణికిపోతూ ఏడ్చింది. ఏడుపుకి ఎక్కడో అక్కడ అంతు ఉంటుంది, ఆ వానకి లేదు. ఏడుపయ్యాక ఏం చెయ్యాలో తోచక తలెత్తి చూసింది. మెరుపులో పెరడంతా ఒక్క క్షణం పట్టపగలైంది. మామిడిచెట్టు జుట్టు విరబోసుకుని ఊగిపోతోంది. పెంకుల మీంచి నీళ్ళు ధారకట్టి, ఆవిడ రోజూ నూతి దగ్గర చేదలు లాగి నింపే గంగాళంలోకి వాటంతట అవే పడుతున్నాయి. కాసేపటికి ఆ పిల్లకి ఇంకో సంగతి కూడా తెలిసింది. చాలాసేపటి నుంచి ఆవిణ్ణి ఎవరూ పిలవలేదు. నీళ్ళు తెమ్మనలేదు, పప్పు చెరగమనలేదు, కాళ్ళు పట్టమనలేదు. ఆ ఇంట్లో కాలు పెట్టాక అటువంటి సమయం ఒకటి ఉంటుందని ఆవిడకి అదే తెలియడం.

ఆ తరవాత ఆవిడ మబ్బు కోసం చూసేది. భయం పోయిందని కాదు. మిరపకాయ బజ్జీ తింటే కళ్ళమ్మట నీళ్ళొస్తాయి, అయినా చెయ్యి ఇంకోదాని మీదికే పోతుంది, అలాగ. అయితే ఆ సంతోషం మొహంలో కనబడనిచ్చేది కాదు. మహాలక్ష్మమ్మ పెద్దగా చదువుకోలేదు గానీ, వసారా అన్నది శిక్ష అని అత్తగారు అనుకున్నంత కాలమే అది తనకి దక్కుతుందని గ్రహించే తెలివి ఉంది. అందుకని ప్రతిసారీ కొంగు నోట్లో కుక్కుకుని, అడుగు తీసి అడుగు వేస్తూ, ఉరికంబానికి నడుస్తున్నట్టు నడిచి వెళ్ళేది. ఆ నడక చూసే ఊరికి జాలి కలిగింది.

ఇలా ముప్పయ్యేళ్ళు గడిచాయి. జోగయ్య గారు పోయారు, లక్ష్మణమ్మ గారు పోయారు, పెద్దకొడుకులు ముగ్గురూ వేరుపడి ఎవరి ఊళ్ళలో వాళ్ళు కొట్లు పెట్టుకున్నారు. ఇంట్లో మిగిలిన కిరీటిరావు గారికి పెద్ద చిక్కొచ్చి పడింది.

ఉరుములంటే నిజంగా చచ్చేంత భయం ఉన్నది ఆయనకి. బజారులో ఆయన్ని మించిన గట్టి బేరగాడు లేడు గానీ, దూరాన గుడగుడమంటే చాలు, బేరం మధ్యలో వదిలేసి నట్టింట్లో దూరి దుప్పటి కప్పుకునేవాడు. పేర్లు చెప్పుకోవచ్చు కదా అంటే, అక్కడా ఒక అడ్డం ఉంది. మేలు కోరేవాడు తన పేరు తాను పలకకూడదని పురోహితుడు ఎప్పుడో ఒక శ్లోకం చదివి చెప్పాడు. ఆ శ్లోకం ఆయన నరాల్లో దిగిపోయింది. "అర్జున, ఫల్గుణ, పార్థ" అని మూడు పేర్లు గబగబా అనేసి ఆగిపోయేవాడు. నాలుగోది ఇంకొకరు అందించాలి. తల్లి ఉన్నన్నాళ్ళూ ఆవిడ అందించింది. ఆవిడ పోయాక మూడు పేర్లకే ఆగిపోయిన మంత్రంతో, దుప్పటి కింద ఆయన పడిన బాధ పగవాడికి వద్దు. పెళ్ళాం నోట ఆ పేరు రాదు. రాకూడదని నేర్పించిందీ ఆ ఇల్లే కాబట్టి గట్టిగా అనడానికీ లేదు.

అటువంటి సమయంలో కొడుకు సూర్యారావుకి పెళ్ళయింది. కొడుకు ఖరగపూర్‌లో రైల్వే గుమస్తా. ఇల్లు దొరికేదాకా కోడలు కన్యాకుమారి అత్తవారింట ఉంది. ఆ పిల్ల విజయనగరంలో స్కూలు ఫైనలు దాకా చదివింది. మొగుణ్ణి పేరు పెట్టి చెప్తుంది, అవసరమైతే మావగారి పేరూ చెప్తుంది. వచ్చిన నెలకే ఉరిమింది. దుప్పటి కింద నుంచి "అర్జున, ఫల్గుణ, పార్థ" అని వినబడి ఆగిపోయేసరికి, పాఠం అప్పజెప్పినట్టు "కిరీటి" అనేసింది కన్యాకుమారి. కిరీటిరావు గారు దుప్పటి తీసి కోడల్ని దేవతని చూసినట్టు చూశారు.

ఆ రోజు నుంచి ఆయన సంఘసంస్కర్త అయిపోయారు. ఆడవాళ్ళు మొగుళ్ళ పేర్లు చెప్పకపోవడం మూఢనమ్మకమని కోడలంటే, "నిజం సెప్పేవమ్మా" అన్నారు. ఊళ్ళో మహిళా సమాజం పెడతానంటే, ధాన్యం అమ్ముడుపోయి ఖాళీగా ఉన్న గిడ్డంగి తాళాలు చేతిలో పెట్టారు. యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు, కిరసనాయిలు ఇంకా కంట్రోలులోనే ఉంది, అయినా సమాజం దీపానికి కిరసనాయిలు ఆయనే ఇచ్చారు. దమ్మిడీ రాల్చని మనిషి ఇంతగా మారిపోయాడేమిటని బజారు ముక్కు మీద వేలేసుకుంది. కాలంతోపాటు మారాలి కదా అని ఆయన నవ్వేవారు.

ఇంతలో ఖరగపూర్‌లో ఇల్లు దొరికింది. వైశాఖంలో కోడలు కాపురానికి వెళ్ళిపోతుంది. వైశాఖం అంటే గాలివానల కాలం. కిరీటిరావు గారికి తిండి సయించలేదు. ఒకరోజు భోజనాల దగ్గర, కోడలు వింటుండగానే, భార్యతో మనసులో మాట చెప్పేశారు.

"సూడు, నవమికి సమాజంలో కోలాటం కడతన్నారట. అందులో అందరూ మొగుళ్ళ పేర్లు సెప్పాలట. నువ్వూ సెప్పేయి. నలుగురిలో ఒక్కపాలి నోట్లోంచి వచ్చిందంటే మరి అడ్డం ఉండదు. ఇంక ఉరిమితే నా పక్కన కూకుని నాలుగోది అందించడమే. ఆ వసారాలో పడుండే కర్మ నీకేటి?"

"అవునత్తయ్యా. ఇన్నేళ్ళు మిమ్మల్ని చలిలో, వానలో బయట పెట్టడం ఎంత ఘోరం" అంది కన్యాకుమారి. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి నిజమైన కన్నీళ్ళే.

మహాలక్ష్మమ్మ ముద్ద మింగి, "సూద్దాం లెండి" అంది. తన వసారాని ఇంత ప్రేమగా లాక్కుంటున్నవాళ్ళ మీద కోపం తెచ్చుకోవడం ఎలాగో ఆవిడకి తెలియలేదు. కోడలంటే ఆవిడకి ఇష్టం. అత్తగారిచేత ఒక్కరోజైనా మంచిమాట అనిపించుకోని మనిషి, కోడలికి తలంటుపోసి జడ వేసేది.

శ్రీరామనవమి నాడు దీపాలు పెట్టే వేళకి గిడ్డంగిలో ఆడవాళ్ళందరూ చేరారు. నడుమ నిలువెత్తు దీపపుసెమ్మె, చుట్టూ రెండు వరసలు. లోపలి వరస ఎడమకీ బయటి వరస కుడికీ తిరగాలి, ఎదురైనవాళ్ళ కోలకి కోల తగిలించాలి. కన్యాకుమారి తాళాలు పట్టుకుని పాట అందుకుంటుంది. ఎక్కడో ఒకచోట టక్కున ఆపేస్తుంది. ఆపినప్పుడు సెమ్మె ఎదుట ఎవరుంటే వాళ్ళు మొగుడి పేరు కలిపి పాదం కట్టి చెప్పాలి. చెప్పకపోతే వరసలోంచి తప్పుకోవాలి. అదీ ఆట.

మొదట నూనె గానుగ వారి జగ్గమ్మ దొరికింది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, మెలికలు తిరిగి, చివరికి అనేసింది.

"నువ్వులు గానుగాడితే నూనె వచ్చింది, నూకయ్య గారు నవ్వితే నాకు సిగ్గొచ్చింది."

గిడ్డంగి పెంకులు ఎగిరిపోయేలా నవ్వారు. తరవాత లక్ష్మీనరసమ్మ గారు దొరికారు. మనవలున్న పెద్దావిడ. ఆవిడ సిగ్గూ గిగ్గూ పెట్టుకోలేదు.

"కొండెక్కి చూస్తే కోటబొమ్మాళి కనబడింది, గణపతిరావు గారి గురక ఊరంతా వినబడింది."

అందరికన్నా బాగా ఆడుతున్నది మహాలక్ష్మమ్మ. నలభై నాలుగేళ్ళొచ్చాయి, ఒళ్ళొచ్చింది, అయినా కోల తగిలితే ఎదుటిదాని చెయ్యి జివ్వుమనేది. పుట్టింట్లో కోలాటం ఆడిన కాళ్ళు అవి, పెళ్ళయ్యాక మళ్ళీ అవకాశం రాలేదు. ఆవిడకి ఒళ్ళు తెలియని ఆనందంగా ఉంది. ఒళ్ళు తెలియకపోయినా సెమ్మె ఎక్కడుందో మాత్రం తెలుస్తూనే ఉంది. పాట చరణం ముగిసేచోటే ఆగుతుందని రెండో ఆటకే పట్టేసింది. చరణం ముగుస్తోందనగా ఒక అడుగు తడబడ్డట్టు వెనక్కి పడేది, లేకపోతే చీర కుచ్చెళ్ళు సర్దుకునేది. ఆవిడ ముందున్నవాళ్ళూ వెనకున్నవాళ్ళూ దొరికిపోతున్నారు గానీ, ఆవిడ దొరకడం లేదు.

కన్యాకుమారి చదువుకున్న పిల్ల. కాసేపు చూసి, చరణం మధ్యలో, అదీ మాట సగంలో, పాట ఆపేసింది. మహాలక్ష్మమ్మ సరిగ్గా దీపం ఎదుట ఉంది.

కోలల చప్పుడు ఆగిపోయింది. కన్యాకుమారి మొహం వెలిగిపోతోంది. ముప్పయ్యేళ్ళ బానిసత్వం ఒక్క మాటతో తెగిపోబోతోందని ఆ పిల్ల నమ్మకం. బయట పడమట ఎక్కడో సన్నగా ఉరిమింది. మహాలక్ష్మమ్మ ఆ ఉరుము విన్నది. ఈ ఏడు మొదటిది.

ఆవిడ కోలలు రెండూ ఒక చేతిలోకి తీసుకుని, నెమ్మదిగా చెప్పింది.

"పెరటి నూతి నీరు సల్లగుంటాది, ఆరి పేరు నా కడుపులో సల్లగుంటాది."

"పేరేదే? పేరు లేకుండా పాదం ఏటి?" అన్నారు లక్ష్మీనరసమ్మ గారు.

"నాకు రాదు పిన్నీ" అంది మహాలక్ష్మమ్మ. అని వరసలోంచి తప్పుకుంది.

ఎవరూ నవ్వలేదు. అంతదాకా సిగ్గు చంపుకుని పేర్లు చెప్పినవాళ్ళకి అప్పుడు మళ్ళీ సిగ్గేసింది. జగ్గమ్మ పక్కావిడతో గుసగుసలాడింది గానీ, ఆ గుసగుస గోడ దాకా వినబడింది. "సొంత అత్త సేత సెప్పించలేదు గాని, మన సేత సెప్పిస్తాదట." కన్యాకుమారి తల వంచుకుని తాళాల తాడు చుట్టుకోవడం మొదలుపెట్టింది. చివర చెప్పాలని వారం రోజులుగా తయారుచేసుకున్న ఉపన్యాసం చెప్పలేదు. గాలి లేచిందని అందరూ బయల్దేరారు. మహాలక్ష్మమ్మ కోడలి మొహం చూసింది. ఒక్క మాట కోసం పిల్లని నలుగురిలో చిన్నబుచ్చాను కదా అనుకుంది. అనుకుంది గానీ, వెనక్కి తిరిగి ఆ మాట మాత్రం అనలేదు.

గిడ్డంగి గుమ్మం దగ్గర కిరీటిరావు గారు లాంతరూ గొడుగూ పట్టుకుని నిలబడి ఉన్నారు. పడమటి ఆకాశం చూస్తే ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"సెప్పిందా?" అన్నారు కోడలితో.

కోడలు తల అడ్డంగా ఊపింది. ముగ్గురూ ఇంటికి నడిచారు. దారిలో దుమ్ము లేచి కళ్ళలో కొట్టింది. అరుగెక్కేసరికి మొదటి చినుకులు శనగ గింజల్లా పడ్డాయి.

కిరీటిరావు గారు వీధి తలుపు గడియ పెట్టి నట్టింట్లోకి పరుగెత్తారు. మహాలక్ష్మమ్మ అలవాటు ప్రకారం కొంగు నోట్లో కుక్కుకుని, అడుగు తీసి అడుగు వేస్తూ పెరటివైపు వెళ్ళిపోయింది. ఫెళ్ళున ఉరిమింది. "అర్జున, ఫల్గుణ, పార్థ" అన్నారు మావగారు. "కిరీటి" అంది కోడలు. రెండు మూడుసార్లు ఇలా నడిచాక, ఉరుముకీ ఉరుముకీ మధ్య ఆయనకి ఒక ఆలోచన వచ్చింది.

"అమ్మా, మీ అత్తని లోపలికి తీసుకురా. ఇయ్యాల్టి నుంచి వసారా లేదు, గిసారా లేదు. మన పక్కనే కూకుంటాది. వినగా వినగా అదే వస్తాది. నువ్వెళ్ళిపోయే లోపల దానికి అలవాటైపోవాల."

కన్యాకుమారికీ అది న్యాయంగానే తోచింది. లాంతరు తీసుకుని వెళ్ళింది గానీ, పెరటి తలుపు తెరవగానే గాలికి దీపం ఆరిపోయింది. వసారాలో ఒక మూల ముడుచుకుపోయిన మనిషిని చూస్తానని కళ్ళు చికిలించింది. అప్పుడు మెరిసింది.

మహాలక్ష్మమ్మ వసారా అంచున కూర్చుని ఉంది. చీర పిక్కల దాకా ఎగ్గట్టి, చూరు ధార కింద కాళ్ళు రెండూ చాపుకుంది. ఒళ్ళో రాలిన మామిడి పిందెలు. పక్కన కొబ్బరి చిప్పలో ఉప్పూ కారం. చేతుల్లో ఇంకా కోలలున్నాయి. మెరిసినప్పుడు కోలలు రెండూ పైకెత్తి పట్టుకుంది. పట్టుకుని, తల ఒక పక్కకి వాల్చి, ఎదురువరసలోంచి జత రావడం కోసం ఆగినట్టు ఆగింది. ఉరుము వచ్చి నెత్తిన పడగానే సరిగ్గా దాని మీద టక్కున కొట్టింది. కొట్టి నవ్వింది. ఆ నవ్వు కన్యాకుమారి ఆ ఇంట్లో ఎన్నడూ వినలేదు.

"అత్తయ్యా" అంది.

మహాలక్ష్మమ్మ ఉలిక్కిపడి కొంగు వెతుక్కుంది. అది తడిసి ముద్దయి ఎక్కడో ఉంది. దొరికిపోయానని తెలిసి, ఇంక నటించడం దండగనిపించి, ఊరుకుంది.

"మీకు భయం లేదా?"

"ఎందుకు లేదు? ఉన్నాది. గుండెలు అదిరిపోతాయి. అందుకే బాగుంటాది."

"మరి పేరు చెప్పడానికి భయమన్నారే?"

"నేనన్లేదు, మీరనుకున్నారు. పేరుదేముంది. ఎవులూ లేనప్పుడు నూతి దగ్గర శానాసార్లు అన్నాను. ఏటీ అవలేదు, మీ మావ నిక్షేపంలాగ ఉన్నారు."

"ఇవాళ ఒక్కసారి అంటే ఏం పోయేదత్తయ్యా? అంతమందిలో నా పరువు..." అంది కన్యాకుమారి.

"తప్పేనమ్మీ" అంది మహాలక్ష్మమ్మ. "నీ మొగం సూసి నాకు పేణం ఉసూరుమంది. కానీ సెప్పేస్తే లోపలికి రమ్మంటారు."

మళ్ళీ మెరిసింది. మామిడిచెట్టు కొమ్మ కొమ్మా విడివిడిగా కనబడి మాయమైంది. దూరంగా స్టేషను దగ్గర ఇంజను కూత వానలో నానిపోయి వినబడింది. ఏటి నీటి వాసనా, మట్టి వాసనా, పిందెల జీడి వాసనా కలిసి వచ్చి మొహాన కొట్టాయి.

"నువ్వొచ్చేక ఎన్ని వానలు పడ్డాయి పిల్లా, ఒక్కటైనా సూసేవా?" అని అడిగింది అత్త.

చూడలేదు. వచ్చిన నెల నుంచీ ఉరిమిన ప్రతిసారీ ఆ పిల్ల తలుపులు వేసిన నట్టింట్లో, దుప్పటి పక్కన, నాలుగో పేరు అందిస్తూ కూర్చుంది. స్త్రీల స్వేచ్ఛ మీద ఉపన్యాసాలు కూడా అక్కడే ఆలోచించుకుంది. ఇప్పుడు ఆ లెక్క చూసుకుంటే, ఆ ఇంట్లో స్వేచ్ఛ ఉన్నది తనకి కాదేమోనని మొదటిసారి అనుమానం వచ్చింది. అనుమానం వచ్చినందుకు ఒళ్ళు మండింది కూడా.

లోపల్నుంచి కేక వినబడింది. "అర్జున, ఫల్గుణ, పార్థ..." ఆగింది. "అమ్మా కన్యా, నాలుగోది. ఎక్కడున్నావమ్మా? దాన్ని తీసుకొచ్చేస్తన్నావా?"

మహాలక్ష్మమ్మ కోలలు పక్కన పెట్టేసింది. ఒళ్ళో పిందెలు ఒకటొకటిగా తీసి నేల మీద పెట్టసాగింది. కాళ్ళు ధార కింద నుంచి వెనక్కి తీసుకుంది. కోడలు రమ్మంటే వెళ్ళవలసిందే. ఇందాక పిల్లని చిన్నబుచ్చింది చాలు, ఇప్పుడూ కాదంటే బాగుండదు. లోపలికి వెళితే ఇంక ఎప్పటికీ లోపలేనని ఆవిడకి తెలుసు. ముప్పయ్యేళ్ళ కింద ఏడిచిన చోటే మళ్ళీ ఏడుపొచ్చేలా ఉంది.

కన్యాకుమారి ఆవిడ చేతుల వైపు చూసింది. లోపలికి చూసింది. గొంతు సవరించుకుని, సమాజంలో మాట్లాడే గొంతుతో స్పష్టంగా చెప్పింది.

"మావయ్యా, అత్తయ్య కొయ్యబారిపోయారు. పళ్ళు గిట్టకరిచేశారు. ఇప్పుడు కదిపితే ప్రాణానికే ప్రమాదం. నేనిక్కడే పట్టుకుని కూర్చుంటాను."

"మరి నా సంగతేటి?"

"మీరు ఎలాగో సర్దుకోండి. ఇంకో సంగతి మావయ్యా. ఈవిడ చేత ఈ జన్మలో పేరు చెప్పించడం ఎవరి వల్లా కాదు. నేను అన్ని విధాలా ప్రయత్నం చేశాను. నేను వెళ్ళిపోయాక కూడా ఉరిమినప్పుడు ఈవిణ్ణి ఈ వసారాలోనే వదిలెయ్యండి. లోపలికి లాగితే ఏదో ఒకరోజు గుండె ఆగిపోతుంది."

కిరీటిరావు గారి నిట్టూర్పు వానలోంచి కూడా వినబడింది. "ఈ ఆడాళ్ళని మార్సడం బ్రహ్మతరం కాదు. ఊరికే గిడ్డంగి ఇచ్చేను" అన్నారు. ఫెళఫెళమని మళ్ళీ ఉరిమేసరికి, దుప్పటి మాటున ఎవరికీ వినబడకూడదన్నట్టు ఆయన ఏదో గొణుక్కున్నారు. అది మూడు పేర్లో నాలుగు పేర్లో అత్తాకోడళ్ళకి తెలియలేదు.

కన్యాకుమారి చీర ఎగ్గట్టి అత్తగారి పక్కన చతికిలబడింది. మెరుపుకి కెవ్వుమని ఆవిడ చెయ్యి పట్టుకుంది. మహాలక్ష్మమ్మ తన చోటులో సగం ఇచ్చుకోవలసి వచ్చింది. చూరు ధారలోనూ సగం ఇచ్చింది. ఆవిడ కోసం ఒక మనిషి అబద్ధమాడడం ఆ ఇంట్లో అదే మొదలు. ఆ సంతోషం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఒక పిందె కొరికి, ఉప్పూ కారం అద్ది, కోడలి నోట్లో పెట్టింది. వైశాఖం రావడానికి ఇంక ఎన్నో రోజులు లేవన్నది ఆవిడకి అప్పుడు బలంగా గుర్తొచ్చింది.

"పిల్లా, ఖరగపూర్ ఎళ్ళేక నువ్వూ ఏదో ఒకటి నాకు రాదని సెప్పు. కాలు పెట్టిన మొదటి రోజే సెప్పాల. తరవాత సెప్తే నమ్మరు" అంది.

కన్యాకుమారి పులుపుకి ఒక కన్ను మూసుకుని చాలాసేపు ఆలోచించింది. ఏం రాదని చెప్పడమా అని వంటా వార్పూ, కుట్టూ అల్లికా, పాటా లెక్కా, అన్నీ వరసగా వెతుక్కుంది. ఆ పిల్లకి అన్నీ వచ్చును. ఆ సంగతి మొగుడికి పెళ్ళిచూపుల నాడే చెప్పేశారు.